తలుపు దించే ముందు కేక

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, నాగులేరు వరద ఊరి పొలాల మీద పడకుండా కట్ట పోశారు. మా పాలెం మాత్రం కట్టకు అవతల, ఏటి వైపే మిగిలిపోయింది. మా ఇళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. కట్టలోని తూముకు ఇనుప తలుపు పెట్టి, దాన్ని దించే లస్కరు పని మా పాలెం మనిషికే ఇచ్చారు. తలుపు పడితే పొలాలు దక్కుతాయి, ఎగదన్నిన నీళ్లు మా గుడిసెల్లోకి వస్తాయి. అందుకని ఆయన మర తిప్పేముందు మా వైపు తిరిగి, "దించుతన్నానహో! కట్టెక్కండి!" అని కేక వేసేవాడు.

ఒక ముసురులో అందరం ఎక్కాం. ఆయన భార్య కిందనుంచి, "మేకల్ని ఇప్పుకొని వస్తన్నా, నువ్వు దించు" అని అరిచింది. ఊరి పెద్దలు తొందరపెడుతున్నారు. దించాడు. ఆమె రాలేదు.

తర్వాత పాలెం మిట్టకు మారింది. ఆయన కేక మాత్రం మానలేదు.

"అక్కడెవరున్నారు మామా?" అన్నానొకసారి.

"ఎవురూ లేరని నాకు తెలవదా ఏందిరా? కేకెయ్యకపోతే చెయ్యి తిరగట్లా."

కేక వేశాక కూడా వెంటనే తిప్పేవాడు కాదు. మేకల్ని విప్పుకొని ఒక మనిషి కట్ట ఎక్కేంతసేపు ఆగేవాడు.