సుధీర్ వణుకుతుంటే పల్లవి మళ్లీ అందుకున్నాను

ఈ మధ్యాహ్నం చాట్రాయి దగ్గర మామిడి తోటలో పందిరి వేసి పాటల కూడిక పెట్టారు. మా చర్చి బ్యాండ్‌లో నేను పాడతాను, సుధీర్ కీబోర్డు వాయిస్తాడు. ఎన్నాళ్ల నుంచో కలిసి తిరుగుతున్నా, తన గురించి ఒక్క ముక్క బయటపెట్టడు. "ఏంటి తమ్ముడూ, అలా ఉన్నావు?" అంటే "ఏం లేదక్కా" అనేసి వైర్లు సర్దుకుంటాడు.

పాట మధ్యలో వాడి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట, కళ్లలో నీళ్లు. మా కూడికల్లో ఎవరైనా అలా వణికితే పరిశుద్ధాత్మ దిగిందనుకుంటాం. నేనూ అదే అనుకుని పల్లవి మళ్లీ అందుకున్నాను, జనాన్ని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టమన్నాను. వాడు నా కొంగు పట్టుకున్నాక గానీ తెలియలేదు, ఊపిరి ఆడట్లేదని.

మైకు పాస్టరు గారికిచ్చి, వాణ్ణి పందిరి వెనక మామిడికాయల ట్రేల మీద కూర్చోబెట్టాను. చెయ్యి పట్టుకుని, నాతోపాటు మెల్లగా ఊపిరి తియ్యమన్నాను. కాసేపటికి తేరుకున్నాడు.

"ఇదివరకు కూడా వచ్చిందా?"

"వస్తూనే ఉంటుందక్కా, ఉన్నట్టుండి భయం, గుండె దడ. ఆత్మ దిగిందని మీరంతా అంత సంతోషపడుతుంటే ఏమని చెప్పను?"

ఇంతలో ఒక పెద్దావిడ వెతుక్కుంటూ వచ్చి, "ఆత్మ నీ మీదికి వచ్చింది గదా బాబూ, నాకోసం ప్రార్థన చెయ్యి" అని వాడి ముందు తల వంచింది. వాడు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇంకా కాస్త వణుకుతున్న ఆ చెయ్యే ఆమె తల మీద పెట్టాడు.

మీరైతే ఆవిడకి నిజం చెప్పేవాళ్లా అండీ?