మూటలక్క గాలిగొట్టం

ఫ్యాక్టరీలో, రంగుల్లో కలిపే నానో పొడిని సంచుల్లోకి ఎత్తి మూతులు కట్టేది కాబట్టి ఆవిడ మూటలక్క. నోటి దురుసు గురించి చెప్పక్కర్లేదు, సూపర్‌వైజర్‌ని కూడా "ఏవయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని నిలదీసేది. చెల్లెలి దగ్గర మాత్రం వెన్నముద్ద. తల్లి పోయాక తనే సాకింది, తనే ఈ పనిలో పెట్టించింది.

ఆ పొడి రేణువులు పొగకన్నా సన్నం. షిఫ్టు దిగేముందు మూటలక్క యంత్రాలు దులిపే గాలిగొట్టం పట్టుకుని, చెల్లెల్ని గోడవారగా నిలబెట్టి, తలనుంచి కాళ్ళదాకా బుస్సుమని కొట్టేది. "తిరగవే మహారాణీ! ఈ బూడిద మొహంతో బస్సెక్కుతావా?" చెల్లెలికి కితకితలు. నోరు తెరిచి మరీ నవ్వేది. సూపర్‌వైజరూ చూసి నవ్వేవాడే గాని వద్దన్న పాపాన పోలేదు. ఒక్కరికీ మాస్కు ఇచ్చిన పాపానా పోలేదు.

చెల్లెలికి ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే రొప్పు. ఊపిరితిత్తుల్లో పొడి చేరిందన్నాడు డాక్టరు. ఫ్యాక్టరీదే తప్పని తేలితే వైద్యం వాళ్ళే చేయించాలన్నాడు. మూటలక్క ఫిర్యాదు పెట్టింది. ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన మీటరు గాల్లో దుమ్మును తూకం వేస్తుంది. నానో పొడికి తూకమెక్కడిది? రూలు బరువుకే గాని, రేణువులెన్ని అన్నదానికి లేదట. "పరిమితిలోనే ఉందమ్మా," అన్నాడు. ఏడిసినట్టుంది రూలు!

మేనేజరు తడిగుడ్డతో గొంతుకోసే రకం. "పాపం, మీవాళ్ళు శుభ్రంగా ఉండరేమోనమ్మా," అన్నాడు మెత్తగా.

మూటలక్కకు ఒళ్ళు మండింది. "ఎవరండీ శుభ్రంగా ఉండంది? రోజూ నా చేత్తో నేనే గాలి కొట్టి దులుపుతాను దాన్ని! రవ్వంత పొడి ఉంచను!"

అధికారి తలెత్తాడు. "మీ అంతట మీరేనా? ఎవరూ చెప్పలేదా?"

"ఒకరు చెప్పాలా? నా చెల్లెలు!"

"బట్టలమీది పొడిని లేపి ముక్కులోకే కొట్టారు కదమ్మా," అని, కార్మికుల సొంత తప్పని రాసుకున్నాడు ఆయన. మేనేజరు టీ తెప్పించాడు. వైద్యం మాట అక్కడితో సరి. తన వేలితో తన కన్నే పొడుచుకుంది పిచ్చిది. పక్కన బల్లమీద కూర్చున్న చెల్లెలు అంతా విన్నది.

ఆ సాయంత్రం ఇంట్లో దగ్గుతెర వచ్చి చెల్లెలు వంగిపోయింది. మూటలక్క పరుగున వెళ్ళి వీపు నిమరబోయింది.

"చెయ్యి తియ్యక్కా," అంది చెల్లెలు, ఊపిరి కూడగట్టుకుని. "నువ్వు నన్ను ముట్టుకోకు."