ఉప్పుటేరు గుల్లలు, నా పచ్చకామెర్లు

ఆ పొద్దు దొడ్లో గొర్రెపిల్లకు పాలు పడతా ఉంటే, వాసనకు కడుపులో తిప్పింది. పుట్టినప్పట్నుంచి గొర్రెల మధ్య పెరిగినదాన్ని, వాటి వాసన నాకు తెలిసేదే కాదు. అన్నం ముందర కూచుంటే వాంతి. నడిస్తే మోకాళ్ళలో పట్టు లేదు. మాది నెల్లూరు జిల్లాలో చేజర్ల పక్క పల్లె. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగి పడుకున్నాను.

కొన్నాళ్ళకు మా అత్త నా మొహం చూసి, "కళ్ళు పసుపు రాసినట్టుండాయి, ఏందే ఇది?" అనింది. ఆత్మకూరు ఆస్పత్రికి పోయినాం. లివర్ ఫంక్షన్ టెస్ట్ చేసినారు. కళ్ళను పచ్చగా చేసే బిలిరుబిన్ రక్తంలో బాగా ఎక్కువుండాది. ఇంకో టెస్టులో హెపటైటిస్ ఎ, అంటే వైరస్ వల్ల వచ్చే కామెర్లు అని తేలింది.

"నెల, నెలన్నర కిందట బయట ఎక్కడైనా తిన్నావా?" అని డాక్టరమ్మ అడిగింది.

అప్పుడు తట్టింది. మా చెల్లెలు సుజాతను సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంటికి ఇచ్చినాం. దాని బిడ్డ బారసాలకు పోయినాను. వాళ్ళ ఊరి పక్కనే ఉప్పుటేరు సముద్రంలో కలుస్తాది. అందులో ఏరిన గుల్లల్ని, చిప్పలోపల మెత్తటి కండ ఉండేవాటిని, ఉడుకు నీళ్ళలో అట్లా ముంచి తీసి, ఉప్పూకారం అద్ది పెట్టినారు. మెట్టలో పుట్టినదాన్ని, ఆ రుచి ఎన్నడూ ఎరగను. అడిగి అడిగి తిన్నాను.

"ఆ సముద్రం తిండి మనకెందుకు?" అనింది మా అత్త.

డాక్టరమ్మ నవ్వింది. "సముద్రం ఏం చేసిందమ్మా? ఏదో ఊరి మురుగునీళ్ళు శుద్ధి చేయకుండా ఏట్లోకి వదిలుంటారు. గుల్లలు ఆ నీళ్ళు పీల్చి వడగట్టుకొని బతుకుతాయి. వైరస్ వాటిలో చేరుతుంది. సరిగా ఉడక్కపోతే మనకొస్తుంది."

దీనికి రెస్టే మందు అని పంపించింది. కానీ మా అత్తకు మనసు ఊరుకోలేదు. నా మీద ప్రేమతో ఉదయగిరి వైపు నుంచి ఏదో ఆకు పసరు తెప్పించి తాపింది. వాంతులు ఎక్కువైనాయి. మత్తుగా పడిపోయినాను. నెల్లూరులో అడ్మిట్ చేసినారు.

"ఐఎన్ఆర్ పెరిగింది, అంటే రక్తం త్వరగా గడ్డకట్టడం లేదు. లివర్ బాగా దెబ్బతినింది. ఇంక పసరు చుక్క కూడా వద్దు" అన్నాడు అక్కడి డాక్టరు, నాకు కాస్త తెలివి వచ్చినాక. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకూ భయం పట్టుకుంది.

సుజాత పరిగెత్తుకొని వచ్చింది. బిడ్డను వార్డు బయట మా అత్త ఎత్తుకుంది.

"మా ఇంటికి రాకపోయుంటే నీకిట్లా అయ్యేది కాదు గదక్కా" అని ఏడ్చింది.

"ఏడవబాకే. ఆ గుల్లలు ఎంత బాగుండాయో. ఈసారి బాగా ఉడకబెట్టి పెట్టు, మళ్ళీ తింటాను" అన్నాను. ఏడుస్తానే నవ్వేసింది.

సెలైన్లు ఎక్కినాయి. రిపోర్టులు మెల్లగా దిగొచ్చినాయి. ఒక పొద్దు పక్క మంచం వాళ్ళ చారు వాసనకు నాకు నోరూరింది. ఆ ఆకలి వేసినప్పుడు కలిగిన సంతోషం నా పెళ్ళిలో కూడా లేదు.

ఈలోగా మా మరిది, అంటే సుజాత మొగుడు, వాళ్ళ ఊరోళ్ళను వెంటబెట్టుకొని పక్క టౌన్ మున్సిపల్ ఆఫీసుకు పోయినాడు. వాళ్ళ ఊళ్ళోనూ కొందరికి కామెర్లు వచ్చుండాయి. ఆ టౌన్‌లో మురుగు శుద్ధి చేసే ప్లాంట్ ఉండాది గానీ, మోటారు కాలిపోయి మూలన పడుండాది. నీళ్ళు నేరుగా ఏట్లోకే పోతా ఉండాయి. వీళ్ళు ఇంజనీరును పడవ ఎక్కించి ఆ నల్లనీళ్ళు చూపించినారు. ఆయన ముక్కు మూసుకొని, "ఇది నడిచేదాకా నేనూ మీతో తిరుగుతాను" అన్నాడు. అన్నట్టే తిరిగినాడు. వానలు పోయినాక ప్లాంట్ నడిచింది. ఏటి నీళ్ళు పరీక్ష చేసి సరే అన్న తర్వాతే మళ్ళీ గుల్లలు ఏరినారు.

పోయిన చలికాలం అందరం పోయినాం. మా అత్త సముద్రం చూడటం అదే మొదలు. మోకాళ్ళ దాకా దిగి, చీర తడిసినా బయటికి రాలేదు. మధ్యాహ్నం బాగా ఉడికిన గుల్లల కూర రెండోసారి వడ్డించుకుంటా, "ఇంత రుచి నువ్వొక్కదానివే తిన్నావా?" అనింది నాతో. సుజాత బిడ్డను చంకన పెట్టుకొని పడీపడీ నవ్వింది.

ఇప్పుడు నేను మునుపట్లాగే గొర్రెల్ని తోలుకొని పోతా ఉండాను. టెస్టులన్నీ నార్మల్. నేను చెప్పేది ఒకటే. కళ్ళు పచ్చబడితే పసరు దగ్గరికి పోకండి, ముందు రక్తపరీక్షకు పోండి. మా ఊళ్ళో ఈ మాట ఇంటింటికీ పోయి చెప్పేది మా అత్తే.