గోల్ఫు గ్రౌండులో మంచినీళ్ల నుయ్యి

మొన్న టెక్కలిలో కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమంటే బుద్ధిగానే కూర్చున్నాను గానీ, గోడ మీది టీవీలో ఎవరో గుసగుసగా, నిద్రపోయే పిల్లవాడి పక్కన మాట్లాడినట్టు ఇంగ్లీషులో మాట్లాడుతూంటే ఉండబట్టక ఒక కన్ను తెరిచి చూశాను. మసకమసకగా పచ్చటి నేల, తెల్లటి బంతి, జెండా కర్ర. పక్కనున్నాయన ఛానలు మార్చమని కాంపౌండరును అడుగుతూంటే ఒక్క నిమిషం ఉంచమని బతిమాలుకున్నాను. ఆ ఆట మీద మోజుండి కాదు, నా జన్మలో ఒక్క బంతీ కొట్టలేదు. ఆ గడ్డి కోత చూడగానే, దాన్ని ఎవడు ఏ పొద్దున లేచి కోశాడో, కోశాక వాడిని ఇంటికి వెళ్లనిచ్చారో లేదో అనిపించింది.

మన వైపు గోల్ఫు గ్రౌండు ఉండేదంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. నౌపడ అవతల, ఉప్పుమడులు దాటాక, సముద్రం హోరు వినబడే ఇసక మెరకల మధ్య తొమ్మిది హోళ్ల చిన్న గ్రౌండు ఉండేది. ఎప్పుడో ఉప్పు ఆఫీసర్లు తమ కోసం చదును చేయించుకున్నారట. నా కాలానికి అది పబ్లిక్ క్లబ్బయింది, టిక్కెట్టు తీసుకుని ఎవరైనా ఆడవచ్చని గేటు దగ్గర బోర్డు ఉండేది. ఆ ఎవరైనాలో మా ఊరివాళ్లు ఎవరూ లేరనుకోండి. విశాఖ నుంచీ బరంపురం నుంచీ రైల్లో వచ్చేవారు, పలాస నుంచి ఒక డాక్టరుగారు స్కూటరు మీద వచ్చేవారు.

ఆ గ్రౌండు చూసుకునేది మా మేనమామ. రోలరు లాగుతూ నడుం పట్టేసి ఆయన మంచాన పడితే, పదో తరగతి పాసై ఖాళీగా ఉన్న నన్ను ఆ పనిలో పెట్టారు. మరుసటేడు ఆయన కూతుర్నే నాకిచ్చి చేశారు. అంటే మామ పనీ, మామ క్వార్టరూ, మామ కూతురూ అన్నీ ఒకేసారి నావయ్యాయి. చేరిన రోజున క్లబ్బు సెక్రటరీగారు, రిటైరైన ఆఫీసరు, నా పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది అడిగి తీసుకుని, భద్రంగా ఉంటుందని చెప్పి తన బీరువాలో పెట్టుకున్నారు. నాకు అది గౌరవంలాగే అనిపించింది. తాళం వేసింది కాగితానికి కాదని తెలియడానికి ఆరేడేళ్లు పట్టింది.

గడ్డికి ఆదివారం లేదు, పండగ లేదు. వానాకాలం వస్తే గరికను మింగేసేటట్టు తుంగ లేచేది, గడ్డలతో సహా పీకాలి. జెండా పాతిన చోట నున్నగా కోసి ఉంచే చదునును గ్రీను అంటారు, అలాంటివి తొమ్మిది. కార్తీకంలో వాటి మీద కురిసిన మంచును ఎండ రాకముందే పొడవాటి వెదురు బద్దతో దులపాలి, లేకపోతే గడ్డికి తెగులు వస్తుంది. ఇసక పీతలు రాత్రికి రాత్రి చేసిన కన్నాలు పూడ్చాలి. ఎండాకాలమైతే రోజూ ఇంజను పెట్టి నీళ్లు తోడాలి, ఒక్కరోజు తప్పితే గ్రీను పసుపెక్కేది. అత్తారింటికి వెళ్లినా రాత్రి ఉండలేనని నవ్వేవాళ్లు. అత్తారిల్లూ ఆ క్వార్టరే కాబట్టి ఆ బాధ మాత్రం తప్పింది.

నా రాత గుండ్రంగా ఉంటుందని సెక్రటరీగారు ఇంకో పని కూడా అప్పగించారు. ఋతువు మారినప్పుడల్లా ‘గ్రౌండు కబుర్లు’ అని ఒక కాగితం రాసి నోటీసు బోర్డుకు అంటించాలి. ఏ హోలు మూసి ఉంది, ఎక్కడ కొత్తగా గరిక నాటాం, ఎక్కడ బురద ఉంది, ఇలాంటివి. హోలును మొదట్లో గుంట అని రాశాను. మన వైపు గుంటంటే ఆడపిల్ల కదా, ‘మూడో గుంటకు ఒంట్లో బాగులేదు’ అన్నట్టుందని నా భార్య పగలబడి నవ్వింది, అప్పట్నుంచి హోలనే రాసేవాణ్ణి. ఏం రాసినా చివర ‘గ్రౌండు చక్కగా ఉన్నది’ అని ముగించాలని ఆయన ఆజ్ఞ.

ఒక కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చి సముద్రం ఒడ్డు దాటి ఊళ్లోకి వచ్చేసింది. నీళ్లు తీసిపోయాయి గానీ ఊరి నుయ్యి ఉప్పగా అయిపోయింది. మా గ్రౌండు మెరక మీద ఉండడంవల్ల అక్కడి నుయ్యి మాత్రం కొబ్బరినీళ్లలా ఉండేది. అయితే ఇసక నుయ్యి, పొద్దున తోడితే మళ్లీ మర్నాటికి గానీ ఊరదు. తొమ్మిది గ్రీనులకు సరిగ్గా సరిపోతుంది, అంతే.

ఆ ఏడే పలాసలో ఉండే మా అన్న కబురు పంపాడు. నేను ఎప్పుడో పెట్టిన రైల్వే దరఖాస్తుకు పిలుపు వచ్చింది, శ్రీరామనవమి దాటిన సోమవారం అసలు సర్టిఫికెట్టు పట్టుకుని వెళ్లాలి, వయసు హద్దుకు ఇదే ఆఖరి ఏడు. నేను వెళ్లి అడిగితే సెక్రటరీగారు కాదనలేదు. కోప్పడనూ లేదు. ఆ సోమవారానికి ముందు రోజే క్లబ్బులో ఏటా జరిగే పోటీ. “పోటీ అయిపోగానే నీ కాగితం నీ చేతిలో పెడతాను. గ్రీనులు మాత్రం పచ్చగా ఉండాలి” అన్నారు. డూప్లికేటు తెచ్చుకోవచ్చని నాకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. కాగితం ఎవరి బీరువాలో ఉంటే వాళ్లదే అధికారం అనుకునే కాలం మనది, మీకు తెలియంది కాదు.

ఫాల్గుణం వచ్చేసరికి, అంతదాకా నీళ్లు తెచ్చుకున్న పక్క ఊరి చెరువు కూడా ఎండిపోయి, ఊరి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గ్రౌండు గేటు దగ్గరకు వచ్చారు. గేటుకు తాళం వేయించారు సెక్రటరీగారు. తాళం చెవి నా మొలతాడుకే ఉండేది. ఉప్పుమడుల్లో పనిచేసే ముసలామె ఒకామె, నేను పుట్టినప్పట్నుంచీ చూసిన మనిషి, గేటు ఊచలు పట్టుకుని మెల్లగా అంది: “మడిలోనూ ఉప్పే, నూతిలోనూ ఉప్పే. మరేటి తాగమంటావు నాయినా, నువ్వే సెప్పు.”

రేపు రమ్మన్నాను. ఆ రేపూ అదే మాట అన్నాను. అలా మూడు రోజులు ఆ ఆడవాళ్లు చూస్తూండగానే ఇంజను పెట్టి గడ్డికి నీళ్లు పోశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గేటు తీశానని చెప్పుకునేవాళ్లకు ఆ మూడు రోజులు లెక్కలో ఉండవు.

మూడో రోజు మధ్యాహ్నం నా భార్య అన్నం పెట్టి, నీళ్ల గ్లాసు మాత్రం పెట్టలేదు. అడిగితే, “నా గొంతు దిగట్లేదు బావా, నీకెలా దిగుతంది?” అంది. ఆ గ్రౌండులో పుట్టి పెరిగిన మనిషి, అక్కణ్ణుంచి బయటపడాలని నాకంటే తనకే ఎక్కువ. “ఎల్లిపోదుం అన్నాను, ఇప్పుడూ అంటన్నాను. కానీ ఈల్ల మొకం సూడకుండా రైలెలా ఎక్కుతాం?” అని కంచం తీసేసింది.

నాలుగో రోజు తెల్లవారుతూనే గేటు తీశాను. ఇంటికి రెండేసి బిందెలని ఆ ఆడవాళ్లూ నేనూ మాట అనుకున్నాం. మిగిలిన నీళ్లు ఏడు గ్రీనులకు వచ్చేవి. ఆరోదీ ఏడోదీ దూరంగా, సరుగుడు తోపు వెనక ఉండేవి, వాటినే ఎండనిచ్చాను. మనిషి ఎంత ఆశ పడతాడో చూడండి, అవి ఎవరి కంటా పడవనీ, ఆదివారం గట్టెక్కిపోతుందనీ లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. పోటీకి వారం ముందు సెక్రటరీగారు చేతికర్రతో ఆ చివరి దాకా నడిచారు. తిరిగి వచ్చి ఒకటే అన్నారు, “తెగులు తగిలిందని కబుర్లలో రాయి.”

ఆ సాయంత్రం కాగితం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాను. తెగులని రాస్తే ఆయన మొహం నిలబడుతుంది, నా కాగితం నాకు వస్తుంది. రాయడానికి అదొక్కటే మాట. నా భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది, ఒక్కసారి కూడా తలెత్తలేదు. చివరికి ఇలా రాశాను: ‘ఊరి నుయ్యి ఉప్పగా అయినందున గ్రౌండు నీళ్లు ఊరికి ఇచ్చుచున్నాము. ఆరు, ఏడు గ్రీనులు ఎండినవి.’ గ్రౌండు చక్కగా ఉన్నదని మాత్రం రాయలేదు.

ఆదివారం ఆటగాళ్లు వచ్చారు. పలాస డాక్టరుగారు బోర్డు ముందు చాలాసేపు నిలబడి, సెక్రటరీగారి దగ్గరకు వెళ్లి, ఈ నీళ్లు ఆపకండి, వానలు పడేదాకా ఏడు హోళ్లే ఆడుకుంటాం అన్నారు. నలుగురూ సరే అన్నారు. అంత తేలిగ్గా అయిపోయింది. పోటీ బాగానే జరిగింది, చప్పట్లు కొట్టారు, టీలు తాగారు, అందరూ వెళ్లాక నేను ఆఫీసు గది ముందు నిలబడ్డాను. “గ్రీనులు పచ్చగా ఉండాలన్నాను కదా” అని ఆయన లైటు ఆర్పి తాళం వేసుకున్నారు.

సోమవారం పలాస వెళ్లాను, ఉత్తి చేతులతోనే. గుమాస్తా మంచివాడే, అసలుది లేకుండా కుదరదని రెండుసార్లు నెమ్మదిగా చెప్పాడు. మా అన్న ప్లాట్‌ఫారం మీద టీ ఇప్పించాడు. మధ్యాహ్నం పాసింజరుకు నౌపడలో దిగి నడిచి వచ్చేసరికి ఇంజను పెట్టే వేళయింది. పెట్టాను.

మరుసటేడు సెక్రటరీగారు ఊరు విడిచి వెళ్తూ ఒక కవరు నా చేతిలో పెట్టి, మరిచేపోయానయ్యా అన్నారు. ఆ మాట నిజమేనేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. నా బతుకంతా పట్టి ఉంచిన సంగతి ఆయనకు గుర్తుంచుకునేంత పెద్దది కాకపోవచ్చు. అప్పటికి నా వయసు దాటిపోయింది. ఇంకో ఇరవై ఏళ్లకు పైగా ఆ గడ్డే కోశాను.

ఇప్పుడు గ్రౌండు లేదు. మూలపేట కొత్త రేవు వైపు లారీలు తిరిగే రోడ్డు ఆ మెరక మీదుగానే పోయింది, నుయ్యి ఎక్కడుండేదో నేనే సరిగా చూపించలేను. ఊళ్లో కుళాయిలు వచ్చాయి, బిందె మోసిన ఆడవాళ్లలో ముప్పాతిక మంది పోయారు. మిగిలినవాళ్లు తమ మనవలకు నన్ను చూపించి, ఆ ఏడు మాకు నీళ్లు పోసిన మహానుభావుడని చెబుతూంటే తల వంచుకుని ఊరుకుంటాను. ఎందుకంటే గేటు తీసిన ఆ చేత్తోనే, ఎన్నో ఏళ్లపాటు రోజూ పొద్దున గడ్డి మీద మంచు దులుపుతూ, ఆ ఊరి మీద పళ్లు కొరుక్కున్నాను. మంచి పని చేసినవాడికి మనసు తేలిక పడుతుందంటారు, నాకైతే పడలేదు. ఆ కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. పోయిందని తెలిసి తల ఎత్తి చూసుకునేసరికి, వెళ్లాలనుకున్న చోటు కూడా దానితోపాటే పోయింది.