ఉప్పునీళ్ళకూ అంతే సేపు

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. మా పిన్ని నోట్లో వేస్తే నానడం కాదు, మొలకెత్తినా బయటికి రాదు. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు.

పిన్ని పెద్దాసుపత్రి మందుల విభాగంలో టెక్నీషియన్. ఇంకా బజారులోకి రాని మందులను రోగులకు ఇచ్చి చూసే ట్రయల్స్ ఉంటాయి కదా, వాటి మందులు కలిపే గదికి ఆమే పెద్ద. ఆ ట్రయల్స్‌లో కొందరికి అసలు మందు ఎక్కిస్తారు, కొందరికి ఉత్తి ఉప్పునీళ్ళు, అంటే మామూలు సెలైన్. మామూలు వైద్యం మాత్రం అందరికీ నడుస్తూనే ఉంటుంది. ఎవరికి ఏది పడుతోందో రోగికి తెలియకూడదు, నర్సుకు తెలియకూడదు, డాక్టరుకూ తెలియకూడదు. తెలిస్తే ఆశ ఒకరికి లేని ఓపిక తెస్తుంది, నిరాశ మరొకరికి ఉన్న ఓపిక తీసేస్తుంది. ఇక మందు సంగతి తేలదు. తెలిసేది ఆ గదిలోవాళ్ళకు మాత్రమే. అందుకే వాళ్ళు వార్డు వైపు పోరు, రోగుల మొహాలు చూడరు.

అసలు మందు చిన్న సీసాలో పొడిగా వస్తుంది. నీళ్ళు కలిపి అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తూ కరిగించాలి. తొందరపడి గిలక్కొడితే నురగ కట్టి పాడవుతుంది. ఉప్పునీళ్ళ సంచీకి ఈ తంతేమీ లేదు, తీసి ముదురు రంగు తొడుగు వేసి ఇచ్చేయడమే. పిన్ని ఆ గదికి రాకముందు అలాగే ఇచ్చేవారట. చిటికెలో వచ్చింది నీళ్ళు, ఆలస్యంగా వచ్చింది మందు అని నర్సులు ఇట్టే పసిగట్టేవారు. పిన్ని వచ్చీ రాగానే ఉప్పునీళ్ళకూ అంతే సేపు కూర్చోవాలని పద్ధతి పెట్టింది. సంచీ తీసుకుపోవడానికి వచ్చిన నర్సులు బయట నిలబడి కాళ్ళు పీకుతున్నాయని సణిగేవారు. ఒకావిడ ఆమెకు ‘నానబెట్టే అమ్మ’ అని పేరు పెట్టింది. ఆ పేరు మా ఇంటిదాకా వచ్చింది. అమ్మ పడీ పడీ నవ్వి, వీధిలో నలుగురికీ చెప్పి వచ్చింది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. మిషను కిటికీ పక్కన. తెరిస్తే గాలి వస్తుందని అమ్మ, దుమ్ము వస్తుందని పిన్ని. రెండు వీధుల అవతల నుంచి పిన్ని వచ్చిందంటే చెప్పులు విప్పకముందే కిటికీ రెక్కలు ధడాలున మూసేది. అమ్మ లేచి తెరిచేది. అక్కడ మొదలై ఎక్కడెక్కడి పాత తగాదాలో బయటికొచ్చేవి. అరిచి అరిచి అలసిపోయాక ఒకే గ్లాసులో టీ పంచుకునేవారు. నాకూ బాబాయికీ అలవాటైపోయి, ఆ గోల లేని రోజు ఇల్లు బోసిగా ఉండేది.

అమ్మకు దగ్గు పట్టుకుంది. బట్టల నూగు వల్లేలే అనుకున్నాం. తీరా చూస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బన్నారు. నయమయ్యేది కాదు, నెమ్మదించేలా చూడటమే వైద్యం. అప్పుడే ఆ జబ్బుకు ఒక కొత్త మందు మీద పిన్ని వాళ్ళ ఆసుపత్రిలో ట్రయల్ మొదలైంది. అమ్మ చేరతానంది. పిన్ని వెళ్ళి ఆమె మా అక్క అని పైవాళ్ళకు చెప్పింది. అమ్మ సంచీ జోలికి పిన్ని రాకూడదు, ఆ కాగితాలు చూడకూడదు అన్న షరతు మీద ఒప్పుకున్నారు. అమ్మ సంచీ పని పిన్ని కింద పనిచేసే ఒక పెద్దాయనకు అప్పగించారు.

చేరిన రోజే అమ్మ అందరి ముందూ తేల్చి చెప్పింది. “నాకు పడేది ఉత్తి నీళ్ళని తెలిసిందంటే ఆ రోజే మానేస్తా. రెండు బస్సులు మారి పోయి సూది గుచ్చించుకోవడం నాకేం సరదానా?”

“నాకే తెలియదు, నీకెలా తెలుస్తుంది?” అంది పిన్ని, కిటికీ మూస్తూ. అప్పటికి అది నిజమే.

తరవాత జరిగింది పిన్ని చాలా రోజులకు చెప్పగా విన్నాను. ఒక రోజు మందులుండే ఫ్రిజ్ అలారం మోగింది. చల్లదనం తప్పితే లోపలున్న మందంతా పారబోయాలి, అంతమంది రోగుల వైద్యం ఆగిపోతుంది. గదికి పెద్ద కాబట్టి పరుగెత్తింది. తలుపు సరిగా పడలేదు, అంతే. వేసి వెనక్కి తిరిగేసరికి, గాజు పలక అవతల పెద్దాయన కనిపించాడు. ఆ వేళకు కలపవలసింది అమ్మ సంచీ ఒక్కటే. ఆయన పిన్ని నేర్పినట్టే బుద్ధిగా కూర్చుని గడియారం చూస్తున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

పిన్ని తిన్నగా పైఅధికారి దగ్గరికి పోయి, చూడకూడనిది చూశానని చెప్పింది. ఆయన రాసుకుని, మీ అక్కకు తెలియనంతవరకూ ఫరవాలేదన్నాడు. ఆ వారంలోనే పిన్ని ఇంకో పద్ధతి పెట్టింది. ఉప్పునీళ్ళ సంచీ అయినా సరే, కూర్చున్నంతసేపూ ఒక ఖాళీ సీసా అరచేతుల్లో దొర్లిస్తూ ఉండాలి. అలా చేతులకైతే పద్ధతి పెట్టింది. తన మొహాన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

అప్పటినుంచి ఇంటికొస్తే నెమ్మదిగా చెప్పులు విప్పి, అమ్మ పక్కన కూర్చునేది. కాళ్ళు పట్టేది. అమ్మ ఏదంటే దానికి సరే అక్కా అనేది. కిటికీ బార్లా తెరిచి ఉన్నా చూడనట్టే ఉండేది. జబ్బు మనిషి కదా అని జాలి పడుతోందనుకున్నాను. అమ్మ మాత్రం చెల్లెలి వంక అదోలా చూసేది. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం మా అమ్మ. ఆ సంగతి పిన్నీ నేనూ ఎలా మరిచామో తెలియదు.

అమ్మ ట్రయల్‌కు పోవడం మానలేదు. ఆయాసపడుతూ బస్సెక్కేది. ఈసారికి వద్దులే అని నేనంటే కసిరేది. ఆ మందు కొందరికి కొంత మేలు చేసిందని అమ్మ పోయాక తేలింది. అమ్మకు పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరని తెలిసీ నేను ఆ మాటే తలుచుకుని ఏడ్చాను, ఇప్పటికీ ఏడుస్తాను.

చివరికి బస్సెక్కే ఓపిక పోయింది. ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టారు. ఒక మధ్యాహ్నం పిన్ని చెంచాతో పాలు పడుతోంది. అమ్మ పెదాలు బిగించింది. పిన్ని ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టింది.

“చూశావా, తాగకపోయినా తిట్టవు,” అంది అమ్మ. కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. “అవి నీళ్ళేగా?”

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“ఎవరు చెప్పారక్కా?”

“నువ్వే. కిటికీ మూయడం మానేశావు.”

మానేస్తానన్నదానివి, తెలిసీ ఎందుకు పోయావమ్మా అని నేను కోపంగా అడిగాను. నా కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

అమ్మ ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పింది. “నేను మానేస్తే చెల్లెలే చెప్పిందంటారు. అది చెప్పలేదుగా. చెప్పనిదానికి దానికి మాట రావడం దేనికి?” తరవాత పిన్ని వైపు తిరిగింది. “ఉప్పునీళ్ళకైనా అంతే సేపు కూర్చోవాలన్నది నువ్వేగా. కూర్చున్నా.”

నలుగురికీ చెప్పకుండా అమ్మ కడుపులో దాచుకున్న మాట నాకు తెలిసి అదొక్కటే.

పిన్ని ఏడుపు నేను అంతకుముందు చూడలేదు. నోరు గట్టిగా మూసుకుని, భుజాలు మాత్రం కదిలేలా ఏడ్చింది. అమ్మ ఆమెను ఓదార్చలేదు. కళ్ళతో కిటికీ చూపించి, “ఒక్కసారి పోట్లాడవే,” అంది.

పిన్ని లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. “దుమ్మంతా ఇంట్లోకొస్తోంది, నీకు బుద్ధెప్పుడొస్తుందక్కా,” అని అరిచి, రెక్కలు రెండూ ధడాలున మూసింది.

“తెరువు. ఇది నా ఇల్లు,” అంది అమ్మ.

పిన్ని తెరిచింది.