మూసిన మగ్గం గుంట

1946 శ్రావణంలో, సిద్దిపేట సర్కారు దవాఖాన నర్సు రాధాబాయి రోజూ పొద్దున ఎనిమిదింటికి నేతగాళ్ల వాడకు నడిచి వెళ్లేది. దవాఖానకు రాలేనివాళ్ల పుండ్లు కడిగి కట్టు కట్టడం ఆమె పని. పదకొండు ఇళ్లలో పది ఇళ్ల సంగతి గడప దాటగానే మరిచిపోగలిగేది. మరపురానిది లక్ష్మీరాజం కుడి పాదం.

ఆయనకు డెబ్బై ఏళ్లు. మధుమేహంతో అరికాళ్లకు స్పర్శ పోయింది. మూడేళ్లుగా మతి కూడా జారిపోతోంది. కొడుకు సోలాపూర్ మిల్లులో పనికి పోయాడు. కోడలు పోశమ్మ కూలికి కండెలు చుడుతూ మామను కనిపెట్టుకొని ఉంది.

పుండు బొటనవేలి మొదట్లో, అరికాలి వైపున. రాధాబాయి మరిగించిన దారాన్ని దానికి అడ్డంగా ఆనించి, స్కేలు మీద చూసి రాసుకునేది. పది రోజుల కింద అంగుళం. ఇవాళ అంగుళం పావు. ఇంకో పన్నెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే పట్నం పంపి పాదం తీయించక తప్పదని డాక్టరు చెప్పాడు. మందు మారలేదు. కట్టు మారలేదు. మరి ఎందుకు పెరుగుతోంది?

"కాలు కింద పెట్టనియ్యద్దని చెప్పిన గద, పోశవ్వా!"

"చెప్తే ఇంటడా నర్సమ్మా? నువ్వేమో పుండు కొలుస్తవు, మా మామ ఊరు కొలుస్తడు," అంది పోశమ్మ, రాట్నం ఆపకుండా. "గొళ్లెం పెడితే తలుపు గుద్దుతడు. కట్టేద్దమంటే చేతులొస్తలేవు."

మాట పూర్తికాకముందే ముసలాయన లేచాడు. "నా మగ్గం ఎవడెత్తుకపోయిండే?" అంటూ బయటికి నడిచాడు.

రాధాబాయి ఆపలేదు, అడుగులు లెక్కపెడుతూ వెంట నడిచింది. మగ్గం చప్పుడు వినిపించిన ప్రతి ఇంట్లోకీ ఆయన తొంగిచూశాడు.

"రా తాతా, కూసో," అన్నారు ఒకచోట.

"గిది నాది గాదు," అని కదిలాడు.

తిరిగి ఇల్లు చేరేసరికి వెయ్యిన్ని మూడువందల పన్నెండు అడుగులు. కట్టు మీద నెత్తురు చెమ్మ ఊరింది.

గదిలో ఒక మూల మగ్గం అక్కడే ఉంది; నేసేవాడు కాళ్లు దించి కూర్చునే దాని గుంట మీద మాత్రం పలకలు పరిచి ఉన్నాయి. వానలకు గుంటలో చెమ్మ ఊరుతుందని, చెమ్మ పుండుకు చేటని పది రోజుల కింద వాటిని వేయించింది రాధాబాయే.

"అంతకుముందు ఎట్లుండె?" అని అడిగింది నెమ్మదిగా.

"పొద్దుందాక గా గుంటలనే కూసునేది. పడుగు లేకున్నా ఉత్తగనే కాళ్లాడిస్తుండె. ఏ పీడా లేకుండె."

రాధాబాయి పలకల వైపు తిరిగింది. గుంట అంచున కూర్చున్న మనిషి బరువు పిరుదుల మీద పడుతుంది, అరికాలి మీద కాదు. చెమ్మను లెక్కలోకి తీసుకొని బరువును వదిలేసింది తను.

"పలకలు తియ్యి, పోశవ్వా."

"గిదేంది? నువ్వే ఎయ్యమంటివి, నువ్వే తియ్యమంటివి!"

"నేనే తప్పు చేసిన. తియ్యి."

ఇద్దరూ గుంటలో నీళ్లు తోడి, సున్నం చల్లి, నాలుగు గంపల పొడి ఇసుక పోశారు. గుంటలో కుడికాలు ఆడించే తొక్కుడుచెక్కకు రాధాబాయి పాతగుడ్డ మడతలు చుట్టింది. లక్ష్మీరాజం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

అయినా ఆమెకు కుదురు లేదు. పొద్దున పోయింది చాలక సాయంత్రమూ పోయేది. గుంటలో చేయి పెట్టి ఇసుక తడి చూసేది. ఐదోనాడు కొలత మారలేదు. ఎనిమిదోనాడు నూలుపోగంత తగ్గిందనిపించి, తన కన్నును నమ్మక రెండోసారి కొలిచింది.

పన్నెండోనాడు డాక్టరు స్వయంగా వచ్చాడు. గుంట పక్కన గొంతుక్కూర్చొని పాదాన్ని పైకెత్తి చూశాడు. ముప్పావు అంగుళం, అడుగున ఎర్రని కొత్త కండ.

"పట్నం అక్కర్లేదు. ఏం మందు మార్చినవ్?"

"మందు కాదు సార్. గుంట మూయించి ఈయనను నడిపించింది నేనే. మళ్ల తెరిపించిన."

డాక్టరు పాదం వదలకుండానే అన్నాడు, "ఇది రాసిపెట్టు. తప్పు గూడ రాయి."

లక్ష్మీరాజం తన పాదాన్ని విసురుగా వెనక్కి లాక్కున్నాడు.

"ఎవర్రా మీరు? ఎలుతురుకు అడ్డమొస్తున్రు, జరుగున్రి!"

డాక్టరూ నర్సూ గోడవైపు జరిగారు.