పన్నెండు బొమ్మల్లో నాన్న చెయ్యి

ఇందుకూరుపేట దగ్గర బళ్లో నేను సైన్సు చెబుతాను. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకి సినిమా ఎలా పుట్టిందో చూపిద్దామని, తొలిరోజుల మాటల్లేని బొమ్మలు కొన్ని తెర మీద వేశాను. జనం గబగబా నడుస్తారు, టోపీ తీస్తారు, అంతే, అయిపోతుంది. "ఇంతేనా మేడం? మా అన్న తీసే రీల్సే నయం" అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది. ఉండండి, మీ పని చెప్తా అనుకున్నాను. సినిమా కెమెరా పుట్టకముందే జనాన్ని మురిపించిన బొమ్మల చక్రం ఒకటుంది. గుండ్రటి డబ్బా, చుట్టూ సన్నటి కంతలు, లోపల వరసగా బొమ్మలు. గిర్రున తిప్పి కంతల్లోంచి చూస్తే ఆ బొమ్మలు కదులుతాయి. అది వీళ్ల చేతికే ఇవ్వాలి.

చేసే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా నాన్న నెల్లూరులో రేకు పనివాడు. గరాటులు, ట్రంకుపెట్టెలు, రొయ్యల గుంటలకి మేత డబ్బాలు, ఏదడిగినా చేసిపెట్టేవాడు. కానీ అప్పటికి ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ప్రాణానికేం భయం లేదుగానీ వణుకు పూర్తిగా పోదని డాక్టరు చెప్పాడు. ఆ రోజే కత్తెరని గోతంలో చుట్టేశాడు. వీధిలోకి వెళితే ఆ చేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. టీ అంటే ప్రాణం పెట్టే మనిషి, నలుగురిలో ఎవరైనా గ్లాసు ఇస్తే వద్దంటాడు. నేను చూడలేకపోయేదాన్ని.

"అబ్బా, బడికి ఒక రేకు డబ్బా కావాల" అన్నాను. మేం నాన్నని అట్లాగే పిలుస్తాం.

"చెయ్యి నికరంగా ఉండేవోడితో చేయించుకో పోమ్మే."

మొండితనంలో నేనూ ఆయన కూతుర్నే. సరే, అట్టతో నేనే చేసుకుంటానని ఆయన ఎదురుగానే కూర్చుని అడ్డదిడ్డంగా కోయడం మొదలుపెట్టాను. కాసేపు పళ్లు బిగబట్టుకుని చూశాడు.

"ఏందిమే ఆ కోత! ఎలకలు కొరికినట్టుండాది" అని అట్ట లాక్కున్నాడు. గోతం విప్పాడు.

గంటలో అయ్యే పని నాలుగు రోజులు పట్టింది. మూడు రేకులు పాడుచేశాడు, రెండుసార్లు సుత్తి విసిరేశాడు. నేను పలకరిస్తే కస్సుమనేవాడు. చివరికి పన్నెండు కంతలూ తెగాయి. డబ్బాని చింతపండుతో తోమి అద్దంలా మెరిపించి తెచ్చాడు. లోపల నేను గీసిన కాగితం పెట్టి తిప్పితే ఏముంది, మెరుపు కళ్లలో కొట్టింది తప్ప బొమ్మ కనపడలేదు.

"కంతలు సరిగ్గా లేవేమో" అని నోరుజారాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా కంతలకి వంకలు పెడతావా? నీ బొమ్మ చూసుకో. అది గుర్రమా, మేకా?"

తప్పు మెరుపుది. బళ్లో బోర్డుకి వేసే నల్లరంగు తెస్తే ముట్టుకోనన్నాడు. "మెరిసే రేకుకి మసి పూస్తారా ఎవురన్నా!" మా అమ్మే కొంగు దోపి డబ్బా చుట్టూ పూసేసింది. ఆ పూటంతా ఆయన ఆమెతో మాట్లాడలేదు.

నా గుర్రానికి బదులు వేరే బొమ్మలు కావాలి. ఆయన రేకు కత్తిరిస్తున్నప్పుడు ఫోన్లో తీసినవి ఉన్నాయి, ఒక్క క్షణంలో వరసగా పన్నెండు. చెప్పకుండా తీశాను. జెరాక్సు షాపులో పొడుగాటి కాగితం మీద వరసగా అచ్చు వేయించి తెస్తే, ఆ కాగితాన్ని ఆయన వెలుతురులో పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు.

"యాడా ఒణకట్లేదే" అన్నాడు చిన్నగా. "పాత చెయ్యి మాదిరే ఉండాది."

ఆ ముఖంలో సంబరం చూశాను. తిప్పితే ఏమవుతుందో నాకు అప్పుడు తట్టింది. "రేపు చూద్దాంలే అబ్బా" అని డబ్బా దాచబోయాను. వినలేదు. కాగితం లోపల పెట్టి తానే తిప్పి, కంతలకి కన్ను ఆనించాడు. లోపల కత్తెర కదిలింది. చెయ్యి వణికింది.

డబ్బా ఆగేదాకా చూశాడు. ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేశానా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన మళ్లీ తిప్పాడు. మళ్లీ. అయిదోసారో ఆరోసారో తలెత్తి, "ఒణుకుతానే కోస్తా ఉండాది చూడు, గీత తప్పలేదు" అన్నాడు. నేనూ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "రేపు బడికి నేనూ వస్తా. నువ్వు తిప్పితే ఊడగొడతావ్" అన్నాడు.

మర్నాడు బస్సులో ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. తరగతిలో పిల్లలు మీదపడ్డారు. రీల్సే నయమన్న వాడు కంతకి అతుక్కుపోయి పక్కవాళ్లకి చోటివ్వడు. ముందు బెంచీ పిల్ల ఒకతి మాత్రం డబ్బాని వదిలేసి ఆయన చేతినే చూస్తూ, "తాతా, ఇప్పుడు కూడా ఒణకతా ఉందే" అంది. నేను గభాలున అడ్డం వెళ్లబోయాను.

"అవును పాపా. నా మాట వినదు. నువ్వు పట్టుకుని ఆపు చూద్దాం" అని ఆయన చెయ్యి చాపాడు.

ఆ పిల్ల రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమె చేతులూ వణికాయి. కిలకిలా నవ్వింది. నేను, నేను అంటూ పిల్లలంతా వరస కట్టారు. ఒక్కొక్కరికీ చెయ్యి ఇచ్చాడు మా నాన్న.